గుంట గడ్డ కడితే

నల్లపాడు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజీ.
మంటని చలిలో దాచిపెట్టడం మా పని.
నిరుటి తేజ కాయలు, మూడో అంతస్తు దాకా
మెడ మీద ఎక్కించిన టిక్కీలే
ఇప్పుడు మళ్లీ మెడ మీదే దించుతున్నాం.
లోపల ఏడు డిగ్రీలు. బయట పుష్యమాసం.
నిజం చెప్పాలంటే పుష్యమే వెచ్చన.

వెనక గోడ అవతల ఒక గుంట.
యంత్రాలు చెమటోడ్చిన నీళ్లన్నీ అందులోకే.
వరి కోతలయ్యాక నెల్లూరు దిక్కు నుంచి
పెంచలయ్య వచ్చాడు, ఎనిమిది వందల బాతుల్ని తోలుకుని.
పగలంతా కోసిన మళ్లలో రాలుగింజ ఏరి
పొద్దు వాలాక ఈ గుంటలో పడతాయి,
సంత విడిచినట్టు గోల.

టీ తాగేటప్పుడు మస్తాన్‌వలి ఫోన్లో చూపించాడు.
ఏదో దేశం. చెరువంతా తెల్లటి గచ్చు.
దాని మీద బాతులు, చెప్పుల్లేకుండా.
"మన గుంట ఇట్టా గడ్డ కడితే
ఏం చేస్తయ్ అన్నా నీ బాతులు?"
పెంచలయ్య చుట్ట తీశాడు, ముట్టించలేదు.
"ఒంటికాలి మీద నిలబడతాయబ్బయా.
రెండోది పొట్టకింద ఈకల్లో దాచుకుంటాయి.
ఇది చల్లబడితే అది, అది చల్లబడితే ఇది.
ముక్కు రెక్కలో దూర్చుకుంటాయి.
తోక కాడ నూనె బుడ్డి ఉంటాది, పూసుకుంటాయి,
నీళ్లు ఒంటికంటవు."
కాసేపాగి,
"నడిమధ్యన కాసిని నీళ్లు మిగుల్చుకుంటాయి,
రాత్రంతా అక్కడక్కడే తిరగతా.
ఆగితే గుంట మూసకపోద్ది."
"నువ్వెప్పుడు చూశావ్ మంచుగడ్డ?"
"నేను చూళ్లా. బాతుల్ని చూశా."

ఇంటికెళ్లి కెజియాని అడిగా. ఇంటర్ బైపీసీ.
కాళ్లకి ఈకల్లేవు కదమ్మా,
అవెందుకు కొయ్యబారవు?
అన్నం తింటూనే నా చెయ్యి లాక్కుని
మణికట్టు మీద పప్పు వేలితో
రెండు గీతలు గీసింది, పక్కపక్కనే.
"కిందికి దిగే రక్తం వేడిగా దిగుద్ది నాన్నా.
పాదం నుంచి ఎక్కేది చల్లగా వస్తది.
రెండు నాళాలూ ఆనుకుని ఉంటయ్.
దిగేది తన వేడి ఎక్కేదానికిచ్చేసి
చల్లబడి పోద్ది పాదంలోకి.
ఎక్కేది వెచ్చబడి గుండె చేరుద్ది."
"మరి పాదానికో?"
"పాదానికంతే. గడ్డ కట్టనంత."
నవ్వి, ఇంకో ముద్ద పెట్టుకుంది.
గీతలు మణికట్టు మీదే ఎండిపోయినయ్.

మర్నాడు రాత్రి షిఫ్టు.
తలుపు కాడ కొక్కేలకి ఆరు కోట్లు,
అంటే తొడుక్కునేవి.
మనుషులం పన్నెండు మంది.
గుమస్తా చీటీ రాసి ఏడాదైంది, కొత్తవి రాలేదు.
నాకూ మస్తాన్‌వలికీ కలిపి ఒకటి.
ఎడమ జేబు చిరుగు, పై గుండీ బదులు పిన్నీసు.
అతను బయటికొస్తాడు, నేను లోపలికి పోతా.
గడప మీద అతనొక చెయ్యి లాగుతుంటే
నేనొక చెయ్యి దూరుస్తుంటా.
లోపలి గుడ్డ ఇంకా అతని ఒంటి వేడి మీదే ఉంటది.
మిరప కోరు, బీడీ, శుక్రవారం అత్తరు.
ఇన్నేళ్లూ అది వాసనే అనుకున్నా.
బాతు కాలితో పోలిస్తే లెక్క తిరగబడింది,
చలిలోంచి వచ్చేవాడే
చలిలోకి పోయేవాడికి వేడి ఇస్తున్నాడు.
చెబుదామనుకున్నా.
"ఏందిరా ఆగావ్, తలుపెయ్, చలి బయటికి పోద్ది"
అని లోపల్నుంచి మేస్త్రీ కేక.

మూడు గంటలప్పుడు ఘాటుకి దగ్గొచ్చి బయటికొచ్చా.
గోడ అవతల చప్పుడు లేదు. తొంగి చూశా.
నీళ్ల మీద సన్నటి పొగ.
గట్టంతా తెల్లగా, ముద్దగా బాతుల నిద్ర.
నడిమధ్యన రెండు మాత్రం
మెల్లగా, గుండ్రంగా తిరుగుతున్నయ్.
గుంటూరులో నీళ్లెప్పుడు గడ్డ కట్టినయ్?
దుప్పట్లోంచి పెంచలయ్య దేనికో "ఊఁ" అన్నాడు.

నేను కుడికాలు ఎత్తి
ఎడమ పిక్కకి ఆనించి
కాసేపు అట్టానే నిలబడ్డా.