సీసపు గిన్నె

లైడెన్‌లో కాలువలు గడ్డకట్టిన వారం.
చర్చి కప్పు మార్చినప్పుడు పారేసిన రేకుని
వీబె ముసలాయన సుత్తితో కొట్టి చేసిన గిన్నె.
అడుగున పెసరబద్దంత అయస్కాంతం.

హీలియం పోశాం. బుడగలు.
ఇంకా బుడగలే.
నేను టీ కోసం తల తిప్పేలోపు
బద్ద లేచి గాల్లో నిలబడింది,
తాడు లేదు, చెయ్యి లేదు.

"కొత్తగా వచ్చేవాణ్ణి గుమ్మంలో ఆపడం కాదు, ఫెంకె,
ఎప్పుడో వచ్చి లోపల కూర్చున్న బలరేఖల్ని
లేపి గడప దాటించింది.
గడప మీద, వెంట్రుకలో వెయ్యోవంతు మేర
ఇంకా తచ్చాడుతుంటాయిలే."

చెవికమ్మ తీసి చూపించాను: మరి ఇది?
నవ్వాడు.
బంగారం, వెండి, రాగి
ఇంతవరకూ ఏ చలికీ లొంగలేదట.
వాటిలో ఎలక్ట్రాన్లు
ఎవరికీ పెద్దగా తగలకుండా సాగిపోతాయి.
తగలనివాళ్ళకి తోడెక్కడిది?

సీసం మొరటుది.
వెచ్చగా ఉన్నంతసేపూ కాళ్ళకి అడ్డంపడుతుంది.
అడ్డంపడిన ఆ పరమాణువులే
చలి ముదిరాక
ఒక ఎలక్ట్రాన్ వెళ్ళిన వైపు రవ్వంత ఒరుగుతాయి.
ఆ పల్లంలోకి
దాని గాలే గిట్టని ఇంకొకటి
జారుకుంటూ వస్తుంది.

అంత చుట్టరికం చాలు.

సైకిల్ తప్పుచోట పెట్టావని
నలభై ఏళ్ళు రోజూ తిట్టిన భార్య గురించి
ఆయన ఎత్తలేదు. నేనూ అడగలేదు.

హీలియం అయిపోయింది.
గిన్నెలో టక్కుమని చిన్న చప్పుడు.
వీబె చేతితొడుగు విప్పబోయి,
ఆగి,
అది వెచ్చబడేదాకా కూర్చున్నాడు.