ఎడమ మడమ

దీపావళి అమాస నాడు
తెల్లారక ముందే ఊకచెట్టు వాగుల మునుగుత.
తడిబట్టతోనే వచ్చి తోలు ముంగట కూసుంట.
ఇగ ఏడు రోజులు ఒంటిపూట,
నేల పడక, బీడి బంద్.
కల్లు సంగతి అడుగకుండ్రి.

ఈ తోలు కోసం
దేవరకద్ర అంగడి మూడు వారాలు తిరిగిన.
అమ్మెటోడు అన్నడు:
ఏ తోలైతేంది, తొడిగెటోడు చూసేదున్నదా?
వానికేం జెప్పాలె.
తొడిగెటోడే చూస్తడు.

మొదాలు నాకు గూడ ఇది
కిస్తు కట్టినట్టే ఉండె.
మా అయ్య ఆశన్న చేసిండు, వాళ్లయ్య చేసిండు,
నా వంతు వచ్చింది, చేసిన.
పూనాల సెంట్రింగ్ పని ఇడిసి
మేస్త్రి తోని తిట్లు తిని
రైల్ల బాత్రూం కాడ నిలబడి వచ్చి
సామికి ఒక జత ఉద్దాలు కుట్టి, టెంకాయ కొట్టి
మల్ల రైలెక్కుడు.
సామి ముఖం యాదికుండకపోయేది.
పాదమైతే అసలే తెల్వదు.

అయ్య ఇచ్చిన కొలత ఒక ఈతపుల్ల.
దాని మీద రెండు గాట్లు,
పొడుగుకొకటి, ఎడల్పుకొకటి.
ఎవరు కొలిచిండ్రే అనడిగితే
"కొలవనీకె ఆయన కాలు ఒక్క తాన ఆగుతదా" అన్నడు.

అయ్య పోయిన యేడు
పాత జత నా చేతికొచ్చింది.
సద్దిమూట ఇప్పినట్టు ఇప్పి చూసిన.
కుడిది కొత్తగనే ఉన్నది.
ఎడమ మడమ, బయటి అంచు,
గోరంత అరిగింది.

ఎలకలు కొరికినయేమో.
జాతరల మందంత నెత్తికి ఆనిచ్చుకుంటరు గద,
ఎవని చేతులనన్న జారి రాయికి తాకిందేమో.
అడిగితే జవాబు దొరుకుతుండె.
నేనడుగలే.

అడుగక,
ఆ యేడు ఎడమ మడమకు ఒక పొర ఎక్కువేసిన.
పుల్ల మీద లేని లెక్క అది.
ఇంట్ల గూడ చెప్పలే.
ఆ రాత్రి మొదటిసారి ఆయనను తిట్టిన:
చూసి నడువరాదయ్యా,
గుట్ట దిగి ఎవరింటికి పోతున్నవ్ గింత రాత్రి,
తొవ్వంత పల్లేరు కాయలు, సీస పెంకలు.
తిట్టినంక నవ్వొచ్చింది.
పరాయోన్ని గిట్ల తిట్టం గద.

అప్పటిసంది పూనాల గూడ
నాలుగో అంతస్తు మీద సలాకలు కట్టుకుంట
మనసుల అదే,
ఇప్పటికి ఎంత అరిగిందో.
పోయేటోళ్ల మడమలు చూసుడు అలవాటైంది.
సిమెంటు మోసి మోసి ఎడమకు ఒరిగిన ముసలాయన,
సంకల పిల్లతోని ఇటుకలెత్తే ఆమె
ఎదురొస్తే
జర పక్కకు జరిగి తొవ్వ ఇచ్చేది.
ఏమో, ఎవరికెరుక.

మా తాత నిలబడ్డ మెట్టు నాకెరుక.
అంతదాకనే ఆయన.
అక్కడ్నుంచి ఉద్దాలు మీదికి పోయేటియి,
చేసిన చేతులు కిందనే ఉండేటియి.
ఇప్పుడు నన్ను ఎవ్వరు ఆపరు. లోపటికే పోత.
అందరు ముఖం చూసి కండ్లు మూసుకుంటరు.
నేను మెడ వంచి
పూల కుప్ప కింద కాళ్లు దేవులాడుత.
కనపడయి.
మంచిదే. కనపడితే కొలుస్తుంటి.

మొన్న మనుమరాలు నవ్యశ్రీ
పక్కన గొంతుకూసోని అడిగింది:
తాతా, సామిది ఎంత నంబరు?
నాది రెండు, నాయినది ఎనిమిది.
పుల్ల చేతికిస్తే తన కాలు పక్కన పెట్టుకొని
అబ్బో అన్నది.
పొడుగు గాదు బిడ్డా, ఈడ చూడమని
మడమ చూపిచ్చిన.
ఏలు పెట్టి తడిమింది.
"సామికి కాలు నొస్తున్నదా?"
నేను ఇరవై ఏండ్లు తిరిగి
వచ్చిన తావుకు
అది ఒక్క మాటల వచ్చి కూసున్నది.

ఇయ్యాల ఏడో రోజు.
బయట డప్పులు కాపుతున్నరు.
ఆఖరు కుట్టు పడ్డది, ఆరె పక్కన పెట్టిన.
లోపట ఎక్కడన్న మొల తగుల్తదేమోనని
ఎడమ దాంట్ల అరచెయ్యి పెట్టి చూసిన.
వెచ్చగున్నది.
నా చేతి వేడే అది, నాకు తెల్వదా.

అయినా
జర సేపు తియ్యలే.