గడి లేని లెక్క

తెల్లవారక ముందే నా ముక్కాలిపీట రోడ్డు పక్కకి చేరుతుంది.
అక్రా నగరానికి పడమటి కూడలి.
మోకాలి మీద అట్ట, అట్ట మీద కాగితం,
నాలుగు గీతలు నిలువు, అయిదోది అడ్డం.
మునిసిపాలిటీ నాకిచ్చిన పని ఇంతే.
ఓకాయ్ కొడుకు డిగ్రీ చదివి గీతలు గీస్తున్నాడని
మా వీధి వీధంతా నవ్వుకుంది.

కారుకో గడి. లారీకో గడి.
తలుపులోంచి సగం ఒళ్ళు బయటికి వేలాడేసి
"సర్క్, సర్క్, సర్క్!" అని కుర్రాడు కేకలేసే ట్రోట్రోకో గడి.
మోటారు సైకిళ్ళది ఇరుకు గడి.
అవి అందులోనూ సందు చూసుకుని దూరతాయి.

మొదటి వారం లెక్క తేలలేదు.
వచ్చిన బండి పోతేగా!
గీసిన గీత ఆరిపోయింది గాని
గీయించుకున్న లారీ నా ముందు నుంచి జరగలేదు.
దాని పొగలో నేనూ, నా పొద్దుటి కెంకే ముద్దా
కలిసే నానాం.

అది హర్మటాన్ నెల.
ఎడారి తన దుప్పటి తెచ్చి మా మీద దులిపే కాలం.
తోమని కంచు పళ్ళెంలా సూర్యుడు.
అంతా ఎడారి పాపమే అన్నారు ఆఫీసులో.
ఎసినామ్ ముక్కు చీది, గుడ్డ మడత విప్పి చూపించింది.
"ఎడారిది ఎర్రమన్ను కదా,
ఈ నలుపు ఎవరిది?"

ఆమె తల మీద బేసిను, బేసినులో నీళ్ళ పొట్లాలు.
బండి ఆగితేనే బేరం.
ఎంత ఇరుక్కుంటే అంత అమ్మకం.
కొంగు పట్టుకుని వెనకే సెలోమ్, నాలుగేళ్ళవాడు.
పొగగొట్టం ఎత్తుకి
సరిగ్గా వాడి ముక్కు.

స్తంభానికి ఒక డబ్బా కట్టారు, గాలి వాసన చూడ్డానికి.
ఇంజనీరమ్మ డెడే నా కాగితాలన్నీ పట్టుకెళ్ళింది.
లారీలు రాత్రికి పోయాయి.
ఒక వరస బస్సులకే వదిలేశారు.
ముసలి ట్రోట్రోలు దగ్గుకుంటూ ఊరవతలికి నడిచాయి.
ఆరు నెలలు తిట్లు. ఆ తర్వాత ఒక సోమవారం
రోడ్డు కదిలింది!
నా చెయ్యి అందుకోలేకపోయింది.
డబ్బా మీది అంకె సగానికి దిగింది.

"రాత్రి వాడు దగ్గలేదు," అంది ఎసినామ్.
"ఏమైందోనని
నేనే మేలుకుని కూర్చున్నా."
అని, బేసిను దించింది.
మిట్ట మధ్యాహ్నం. పొద్దున ఎత్తుకున్న బరువు
పొద్దున ఎత్తుకున్నట్టే ఉంది.

కారద్దాలు మూసుకుని జారిపోతున్నాయి.
దాహమయ్యే లోపే ఇల్లు చేరుతున్నారు జనం.

మొన్న కొత్త ఫారం ఇచ్చారు.
నడిచేవాళ్ళకో గడి, సైకిళ్ళకో గడి కలిపారు.
కదిలేవన్నీ ఉన్నాయి అందులో.
నిలబడి బతికేవాళ్ళకి లేదు.
అంచున, స్కేలు లేకుండా, నేనే ఒక గడి గీశాను.
వంకర పోయింది.
అందులో ఒక్క గీత.

"ఇదేం బండి?" అంది డెడే.
బండి కాదమ్మా అన్నాను.
ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
ఈ మధ్య తుడవాల్సినంత దుమ్మేం పడటం లేదు.
కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.
ఫైల్లో కాదు, సంచిలో.
దాని అర్థం నాకు తెలీదు.

బస్సు స్టాపుకి రేకులు వేస్తారట.
రేకుల కింద ఒక బల్ల వేస్తారో లేదో ఎవరూ రాసివ్వలేదు.
ఎసినామ్ మాత్రం ఆ నీడ ఎక్కడ పడుతుందో ముందే చూసుకుని
ఎండలో, అక్కడే నిలబడింది.
గట్టు మీద సెలోమ్ నా పాత కాగితం వెనక గీస్తున్నాడు:
నాలుగు నిలువు,
అయిదోది ఎటో.

పొట్లం మూల కొరికి తాగాను.
నీళ్ళకి డీజిలు వాసన
పుట్టుకతోనే ఉంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ.
చిల్లర వద్దన్నాను.
ఆమె ఊరుకోలేదు.
లెక్కంటే లెక్కే అంది.