వేలికి అంటని రంగు

గాజులమండ్యం షెడ్డులో
ఇనుముకు ముందు స్నానం.
జిడ్డు పోయేదాకా ఒక తొట్టి,
తుప్పు వదిలేదాకా ఇంకో తొట్టి,
మంచినీళ్లు రెండుసార్లు.
మురికి మీద పూస్తే
అది రంగు కాదబ్బా, దాపరికం.
ఈ మాట నాకు చెప్పింది షెడ్డు ఓనరు కాదు,
కొర్లగుంట చెంగల్రాయుడు మేస్త్రి.

పదమూడేళ్లప్పుడు ఆయన దగ్గర
ఉప్పుకాగితం పట్టినోణ్ణి.
ఆటోల పసుపు, ట్రాక్టర్ల ఎరుపు,
బీరువాల బూడిద,
నాలుగు వీధుల గేట్ల ఆకుపచ్చ
అన్నీ ఆయన గన్నులోనించే.
మూతికి తుండుగుడ్డ.
థిన్నరు వాసనకు తుండుగుడ్డ ఎంత అడ్డం?
మధ్యాహ్నం సంగటి ముద్దలో కూడా
మాకు థిన్నరే రుచి.

నిన్న ఆయన వచ్చినాడు.
టీవీఎస్ బండి వెనక తాళ్లతో కట్టుకుని
అంగడి ముందర వేసుకునే ఇనుప మడతకుర్చీ.
"నీ పొడి యవ్వారమేందో చూద్దామని..."
ఒక దగ్గు, ఒక మాట, మళ్లీ దగ్గు.

అంచున పెచ్చు లేచిన చోట
గోటితో గీకి చూపించినాడు.
పైన బూడిద, కింద పచ్చ,
దాని కింద పసుపు, ఇంకా కింద
ఎప్పటిదో ఒక నీలం.
ప్రతి పనిలో మిగిలిన అడుగురంగు
ఈ కుర్చీకే పోసినాడంట.
"ఇది నా లెక్కల పుస్తకంరా."
అన్నాక, తనే తొట్టిలోకి దించినాడు.

బుడగలు.
ముప్పైయెనిమిదేళ్లు
పెచ్చులు పెచ్చులుగా తేలినాయి.
ఆయన అటు తిరిగి
రేణిగుంట పోయే గూడ్సు పెట్టెలు లెక్కపెట్టినాడు.

"రంగులు కలిపే డబ్బా ఏదిరా?"
నంబర్ల అట్ట చేతికిచ్చినా.
బొటనవేలితో చుక్క చుక్క చూసి
ఆకాశాన్ని కలిపే మనిషికి
ఆకాశం ఐదువేల పదిహేనో నంబరు.
నవ్వినాడు. అదే కానీమన్నాడు.

కొక్కేనికి తగిలించి
భూమికి తీగ కలిపినా.
గన్ను నొక్కితే తడి లేదు, కారడం లేదు,
పొగమంచు మాదిరి పొడి.
ఎదురుగా పోయింది ఎదురుగా పట్టుకుంది,
పక్కగా జారింది కూడా
ఎవురో పేరుపెట్టి పిలిచినట్టు వెనక్కొచ్చి
కుర్చీ కాళ్ల సందుల్లో కూర్చుంది.

"ఓరి దీని దుంపతెగ!
గంగజాతర తొలిరోజు
బైరాగి వేషం ఇట్టనే గదరా,
ఒళ్లంతా నాంకొమ్ము సుద్ద!"
అవును మేస్త్రీ, అయితే ఆ సుద్ద
రెండు చెంబుల నీళ్లకు పోతుంది.
ఈ వేషానికి ఇంకా పొయ్యి ఉంది.

నూటతొంభై డిగ్రీలు. పదిహేను నిమిషాలు.
పొయ్యి అద్దం దగ్గర చెంపలు కాలుతున్నా
జరగలేదాయన.
పొడి కరిగి, ఒకటై,
నిగనిగలాడే తోలయ్యేదాకా చూసినాడు.
ఈలోగా నేను తొట్టెలో చేరిన పొడిని
జల్లెడ పడతా ఉంటే

"అదేంది, పిండి మాదిరి?"
"తగలకుండా రాలింది. మళ్లీ గన్నులోకే."
"మళ్లీనా?"
"మళ్లీనే."

చాలాసేపు ఆ జల్లెడనే చూసినాడు.
"నా గన్నులోది సగమే ఇనుముకు పట్టింది.
మిగతాది గాలికి, గోడకి,
ఎదురింటోళ్లు ఆరేసిన చీరలకి.
ఈడ చేరిందాన్ని
యా జల్లెడ పట్టేది?"
అని రొమ్ము మీద అరచెయ్యి ఆనించినాడు.
నేను మాట్లాడలేదు.
నా రొమ్ములోనూ
ఆరేళ్ల గేట్ల ఆకుపచ్చ ఉంది.

బయటికి తీసినాక తాళంచెవితో గీసి చూసినాడు.
గీత పడలేదు.
"ఎన్నేళ్లుంటుంది?"
"ఎండలో పదేళ్లు. నీడనుంటే ఇంకా ఎక్కువే."
"అయితే దీనికింక నా చెయ్యి పడదు."
అది బాధో, నిమ్మళమో,
నాకు తెలీలేదు.
ఆయనకి తెలుసునని కూడా అనుకోను.

బండి స్టాండు తీసే ముందు
అలవాటుకొద్దీ
బొటనవేలు కుర్చీకి ఒత్తినాడు,
ఆరిందా లేదా అని.
వేలు తిప్పి చూసుకున్నాడు.
ఏమీ లేదు.
అయినా లుంగీకి తుడుచుకున్నాడు.