సగం

పీణ్యా రెండో స్టేజిలో
లేతు మిషన్ల షెడ్డు పైన మా ల్యాబు.
కింద ఇనుమును చెక్కుతుంటే మేడంతా అదురుతుంది.
నా చేతిలో పిపెట్టు మాత్రం అదరకూడదు.

అరచేయంత పళ్ళెం,
అందులో తొంభై ఆరు గుంటలు.
వామనగుంటల పీటకు దూరపు చుట్టం.
చింతగింజలకు బదులు
ఒక్కో గుంటలో పదివేల కణాలు.

ఎప్పుడో, సముద్రాల అవతల,
పదిహేనేళ్ళ కుర్రాడి కాలేయంలోంచి తీసినవి.
ఆ కుర్రాడి సంగతి నాకు తెలీదు.
అతని కాలేయానికి మాత్రం
ఇంకా పదహారో ఏడు రాలేదు,
సోమవారం సోమవారం ఆకలంటుంది.
గులాబి రంగు ద్రవం పోస్తాను.
ముప్పై ఏడు డిగ్రీలు, జ్వరం లేని ఒంటి వేడి.

తర్వాత విషం పోస్తాను.
అదే నా ఉద్యోగం.
ఇంకా పేరు పెట్టని మాత్ర,
వంకాయల మీద కొట్టే మందు,
ప్లాస్టిక్ డబ్బాలోంచి కూరలోకి ఊరేదేదో.
మజ్జిగ పలచన చేసినట్టు
గుంట గుంటకీ సగం, సగంలో సగం,
చివరికి మందు పేరొక్కటే మిగిలేదాకా.

ఒక రోజు ఆగి, పసుపు రంగు కలుపుతాం.
బతికున్న కణం ఆ పసుపును తిని
నేరేడుపండు రంగు చేస్తుంది.
చచ్చినది ఏమీ చేయదు.
మా అమ్మ శుక్రవారం గడపకు రాసే రంగు
ఇక్కడ, లోపల ఎవరూ లేరని గుర్తు.

ఓబులేసుది కదిరి వైపు.
పదో క్రాసులో క్రోమియం పూత పని.
ఫోన్లో నా తెలుగు విని మెట్ల మీద ఆగాడు.
లీటరు సీసాలో షెడ్డు బోరు నీళ్ళు,
నిమ్మచెక్క పిండినట్టు లేత పసుపు.
"ఇవి తాగొచ్చునా పాపా?"
మాటకు ముందు సన్నటి ఈల.
ముక్కు దూలానికి చిల్లు.
"పూత పని చేసేటోళ్ళందరికీ ఉంటాదిలే" అన్నాడు,
చెవులు కుట్టించుకున్నంత మామూలుగా.

తాగొచ్చునా అన్నదానికి
మా దగ్గర యంత్రం లేదు.
ఎంత పోస్తే సగం చస్తాయో
అదొక్కటే మాకు చెప్పడం వచ్చు.

శుక్రవారం పళ్ళెంలో చివరి వరస మిగిలింది.
వేదావతి మేడంకి చెప్పలేదు.
నీళ్ళు వడగట్టి
కణాలున్న గుంటలు ఆరింటిలో పోశాను,
కణాలు లేని ఆరింటిలోనూ పోశాను.
ఆ నీళ్ళకు సొంత పసుపు ఉంది కదా,
దాన్ని లెక్కలోంచి తీసేయాలి.
విషం మీద కూడా లేని నేరం మోపకూడదు.

శనివారం సాయంత్రం చూశాను.
ఆరో గుంట నేరేడు. ఐదు నేరేడు.
నాలుగోది తేల్చుకోలేని మబ్బు.
మూడు, రెండు, ఒకటి
గడపలు.

టీ బండి దగ్గర చెప్పాను, తాగొద్దని.
నవ్వితే మళ్ళీ ఈల.
"తాగకూడదని నాకు తెలీదా పాపా,
పదకొండేండ్లాయె, క్యాన్ నీళ్ళే కొంటాండా.
చేతులు మాత్రం దాంట్లోనే.
నాకు కావాల్సింది కాయితం.
సీలు కొట్టిన కాయితం,
ఓనరుకు చూపించేకి."

కాయితం లేదు.
ఆ వరసకు నంబరు లేదు, ఫీజు లేదు.
మూడు పళ్ళేల మీద మూడుసార్లు చేస్తే తప్ప
మేం నోరు విప్పం.
ఆ నియమం తప్పు కాదు,
కొత్తగా చేరినవాళ్ళకు నేనే నేర్పుతాను.
అతను గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు.
గోళ్ళ చుట్టూ పసుపు.
డబ్బులు నన్ను ఇవ్వనీలేదు.

సోమవారం.
కుర్రాడి కణాలకు ద్రవం మార్చాను.
ఫ్రిజ్‌లో, వెనక అరలో,
సీసాలో ఇంకా ముప్పావు లీటరు ఉంది.
నోటుబుక్కులో నమూనా సంఖ్య వేసే చోట
ఓబులేసు, పదో క్రాసు, బోరు అని రాసి
పక్కన, చిన్న అక్షరాలతో,
మొదటిసారి అని రాశాను.