పాలకంకి

కోతపండుగ వేలంలో గుమ్మడికాయని
పదకొండు వందలకి పాడాను.
దేవుడి మీద ప్రేమ కాదు,
దైవాదీనానికి దక్కకూడదని.

కానుకల పట్టీలో నా పేరు
మూడోది చదివారు పాస్టరుగారు.
రెండు ఆదివారాలు గుడికి పోలేదు.
జ్వరమన్నాను.
కరుణమ్మ నమ్మి, మిరియాల చారు కాచి తెచ్చి
తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించింది.
ఆమేన్ అన్నాను. చారు తాగాను.

సాక్ష్యం చెప్పమంటే గంటసేపు చెబుతాను.
కింది చేనుకి బోదె వదలమంటే మాత్రం
ముందు నా మడి నిండాలి.

ముప్పయ్యొక్కేళ్ళ కిందట
రాజోలు కాలవలో, లాకుల దిగువన,
ముంచి లేపారు నన్ను.
చెవుల్లోంచి నీళ్ళు కారుతుండగానే
పెద్దవాణ్ణయిపోయా ననుకున్నాను.

వరదకి మునిగి, మళ్ళీ నాటిన మడిలో
ఇవాళ సువార్తమ్మ ఓ గింజ తుంచి
గోటితో నొక్కింది.
తెల్లటి చుక్క.
"ఇంకా పాలేనయ్యా.
ఇప్పుడు కొడవలి పెడితే తాలే."

చుట్టూ అందరివీ కుప్పలు పడిపోయాయి.
నా చేనొక్కటే తల నిక్కించుకుని
పచ్చగా, ఎంత అందంగా ఉందో!

ఇంకెన్నాళ్ళు నీళ్ళు పెట్టాలి, అడిగాను.
చేను సంగతే అనుకుంది ఆవిడ.
పదిహేను రోజులంది.