వెంట్రుకవాసి

కోమో సరస్సు మీద రెండు రోజులుగా వాన.
అద్దకం షెడ్డు పైన మూడో అంతస్తులో
ఎర్సీలియా కళ్ళజోడు తుడుచుకుని ఫైలు తెరిచింది.

పంపినవాడు తాద్దెయో, ఇరవై ఆరేళ్ళ కుర్రాడు.
తెల్లవారుజామున పడవల రేవులో ఫోనుతో తీసిన నీళ్ళు,
నీళ్ళ మీద డీజిలు తెట్టు.
దాన్నే సాగదీసి, మెలితిప్పి, పట్టు రుమాలు చేశాడు.
రంగులెన్నని అడిగితే కంప్యూటరు
రెండు లక్షల పధ్నాలుగు వేలంది.

కింద ఉన్న చట్రాలు పదకొండు.

"ఏమేం పోతాయి?" ఫోన్లో అడిగాడు.
"చాలా," అంది.

ముందు పసుపును బయటికి లాగింది.
ఫిల్ము మీద పసుపు పసుపుగా ఉండదు, నల్లగా ఉంటుంది.
తుప్పురంగూ నలుపే. నీలమూ నలుపే.
వెలుతురు తగలని చోటే జాలిలో దారి తెరుచుకుంటుంది,
వెలుతురును ఆపడానికి నలుపు చాలు.
మూలన చిన్న అంకె, పక్కన పేరు.
అవి చెరిగితే ఏది ఎవరో
కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

పదిహేడో ఏట ఈ పని కుంచెతో చేసేది.
మొన తేలడానికి పెదాల మధ్య తడిపేది,
ఆ సిరా చేదు ఇంకా నాలుక వదల్లేదు.
"రంగును చూడకు, అంచును చూడు,"
అనేది పక్క బల్ల మీది పొత్సోలమ్మ,
తన కంట్లో పొర కమ్మిన సంగతి ఎవరికీ చెప్పకుండా.

అంచు దగ్గరే అసలు గొడవ.
రెండు రంగులు సరిగ్గా గీత మీద ఆగితే
పట్టు కాస్త సాగినా, చట్రం కాస్త ఒరిగినా
మధ్యలో తెల్లటి పగులు.
గట్టు తగాదా రాకుండా
లేతరంగును ముదురురంగు కిందికి
వెంట్రుకవాసి జరుపుతుంది.
సర్దుకునేది ఎప్పుడూ లేతదే.
అది ఫైల్లోనే కాదని ఆమెకు తెలుసు.

తెట్టుకీ నీళ్ళకీ నడుమ ఒక బూడిదరంగు ఉంది,
తడిసిన పావురం మెడలాంటిది.
దానికి పన్నెండో చట్రం కావాలి.
కాసేపు చూసింది. చెరిపేసింది.
కుర్రాడికి చెప్పలేదు.

గురువారం బల్ల మీద పట్టు పరిచారు.
సెరీన్ ఒక కొస, గ్వాల్తియేరో ఒక కొస.
పసుపు పడింది, ఏమీ కనిపించలేదు.
ఏడో చట్రానికి ఏదో జబ్బు మచ్చలా ఉంది.
తాద్దెయో గోళ్ళు కొరుక్కుంటున్నాడు.
పదకొండోది లేచింది.

వంగి చూసి,
"ఆ బూడిదరంగు ఉంచారే!" అన్నాడు.

ఎర్సీలియా కళ్ళజోడు పెట్టుకుంది.
తుప్పు అంచు మీదుగా నీలం నడిచిన చోట,
ఆ వెంట్రుకవాసి ఒరలో,
తడి మీద తడి పడి, సన్నగా, పొడుగునా, అదే.
ఏ ఫిల్ములోనూ లేదు.
దానికోసం ఎవరూ రంగు తూచలేదు, గిన్నె కలపలేదు.

"ఊఁ," అంది.

రిజిస్టరులో రంగుల గడి దగ్గర కలం ఆగింది.
పదకొండు అని రాసింది.
పెరట్లో సెరీన్ చట్రాలు కడుగుతున్నాడు,
తూము దగ్గర నీళ్ళు
ఏ రంగో చెప్పడానికి లేకుండా పోతున్నాయి.